ఎరుగకపోవుట నేరమా?

ప్రేమను తిరస్కరించుట వేరు; ఎదుట నున్న ప్రేమను గుర్తింపకపోవుట వేరు. తిరస్కరించిన వానిని లోకము కఠినాత్ముడని నిందించును. గుర్తింపని వానిని అమాయకుడని మన్నించును. ఈ మన్నింపు న్యాయమేనా యని, ఒక కథను చదివినది మొదలు మేము సందేహించుచున్నాము.

హెన్రీ జేమ్సు అను రచయిత 1903లో ప్రకటించిన ఆ కథకు 'ది బీస్ట్ ఇన్ ది జంగిల్' అని పేరు. అనగా అడవిలోని మృగము. జాన్ మార్చర్ అను నాతనికి, తన జీవితమున అపూర్వమును, బహుశః భయంకరమును నగు సంఘటన యొకటి జరుగనున్నదని దృఢవిశ్వాసము. పొంచియున్న మృగమువలె అది యెన్నడో తనపై దుముకునని యతడు వేచియుండెను. ఈ రహస్య మెరిగినది మే బార్ట్రామ్ అను స్త్రీ యొక్కతెయే. ఆమె పరిహసింపలేదు, అతనితోపాటు తానును కాచియుండుట కంగీకరించెను. అట్లే యిరువురకును యౌవనము గడచిపోయెను. పులివేటకు బోవువాడు వెంట స్త్రీని గొనిపోరాదని తలచి మార్చర్ ఆమెను వివాహమాడలేదు. ఆమె పుట్టినదినమునకు మాత్రము తన శక్తికి కొంచెము మించిన వెలగల కానుక నిచ్చి, తాను స్వార్థపరుడను కానని తృప్తిపడుచుండెను.

ఆమె వ్యాధిగ్రస్తురాలై, అతడు వేచియున్నది వచ్చి పోయినదని చెప్పినను అతనికి బోధపడలేదు. ఆమె మరణించెను. అతడు ఆసియా దేశములు తిరిగి వచ్చెను. ఒకనాడు ఆమె సమాధికడ నుండగా, మరియొక సమాధియొద్దనుండి వచ్చుచున్న అపరిచితుని ముఖమున తీరని దుఃఖము జూచెను. ఇంతగా దుఃఖించుటకు ఇతడేమి పోగొట్టుకొనెనో యని యోచించినప్పుడుగాని, తాను పోగొట్టుకొన్నది అతనికి తెలియలేదు. ఆమె తన్ను ప్రేమించినది. తానును ఆమెను ప్రేమించి యుండినచో ఆ మృగము బారినుండి తప్పించుకొని యుండెడివాడు.

మన మహాభారతమున, ఆదిపర్వములోని కచుడు ఇట్టివాడు కాడు. దానవులు తన్ను చంపినప్పుడెల్ల తండ్రియగు శుక్రుని వేడి బ్రతికింపజేసిన దేవయాని తన్ను వరింపగా, గురుపుత్రివి, సోదరితో సమానురాలవని అతడు నిరాకరించెను. ఇరువురును శాపము లిచ్చుకొనిరి. ఆ తిరస్కారము బాధాకరమే. అయినను దేవయానికి ఒక ప్రత్యుత్తరము లభించినది. కోపించుటకు అవకాశము లభించినది. పిమ్మట ఆమె యయాతిని వరించి వేరొక జీవితము గడపగలిగెను. మే బార్ట్రామ్‌కు కాదను మాటయు దక్కలేదు. మాకు జూడగా, కచుని నిరాకరణముకంటె మార్చర్ అమాయకత్వమే యెక్కువ అపకారము చేసినది.

'ఆమె నోరు విప్పి చెప్పకుండ అతనికెట్లు తెలియును?' అని కొంద రాక్షేపింపవచ్చును. ఇందు కొంత సత్యము కలదు. పరుల హృదయము ఎవ్వరికిని కనబడదు; కాని పరుల శ్రమ కనబడును. ఒక మనిషి తన యేండ్లన్నియు మనకై వెచ్చించుచుండగా కన్నులార చూచుచు, ఇది నాకెందువలన లభించుచున్నదని యొక్కమారైనను తన్ను దాను ప్రశ్నించుకొనని వానిది అమాయకత్వము కాదు, అలసత్వము. కృతజ్ఞుడను మాటకు చేసిన మేలు నెరిగినవాడని యర్థము. ఎరుగుట ముందు, కానుక లిచ్చుట తరువాత.

ఇది పరదేశపు కథయని త్రోసివేయ వీలులేదు. అడుగకమునుపే అమర్చబడు మంచినీళ్లను, వేడియన్నమును, ఉతికి మడిచిన బట్టలను, ఇంటి గోడలవలె ఉండవలసినవే యని భావించు భర్తలు మనలో నెందరు లేరు? పండుగకు చీర దెచ్చితిమి గదా యని తృప్తిపడుటలో మేమును మార్చర్ వంటివారమే. మనసులోని మాట పైకి చెప్పుట ఆడుదానికి తగదని మనమే నేర్పి, ఆమె చెప్పలేదు గనుక మాకు తెలియలేదనుట ధర్మమగునా? తెలిసికొన్ననాటికి మార్చర్‌కు మాటాడుటకు మనిషి లేకపోయెను. మన యింట నింకను ఆ మనిషి కలదు.