ఓటు అమానతు - జవాబుదారీ ఎవరిది?



అమానతులను అర్హులైన వారికే అప్పగించాలని దివ్యఖుర్‌ఆన్‌లో (అన్‌నిసా: 58) అల్లాహ్ ఆజ్ఞాపించాడు. ఓటు కూడా అమానతే, అదొక సాక్ష్యమని ధర్మపండితులు వివరించారు. మరి ఆ అమానతు స్త్రీ చేతిలో ఉన్నప్పుడు నిర్ణయం ఎవరిది?

దొనకొండ, మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో ఎన్నికల రోజు చూడండి. "ఏ గుర్తుకు వెయ్యాలి?" అని భార్య అడుగుతుంది. భర్త చెబుతాడు. దీన్ని మనం విధేయత అనుకుంటున్నాం. కాని నీళ్ళ కోసం బిందె మోసేది ఆమె. మిరప చేలో కూలికి వంగేది ఆమె. నీళ్ళిస్తామన్న వారిలో నమ్మదగినవారెవరో ఆమెకు తెలియదా?

దైవప్రవక్త (సఅసం) వద్దకు విశ్వాస స్త్రీలు వచ్చి ప్రమాణం చేస్తే స్వీకరించమని అల్లాహ్ ఆదేశించాడు (అల్ ముమ్‌తహిన: 12). భర్తల ప్రమాణంతో సరిపోతుందని అనలేదు. హిజ్రీ 6వ ఏట హుదైబియా ఒప్పందం తర్వాత సహచరులు దుఃఖంతో కదలకుండా ఉండిపోయినప్పుడు, "మీరే ముందుగా వెళ్ళి ఖుర్బానీ చేయండి" అన్న భావంతో సలహా ఇచ్చింది హజ్రత్ ఉమ్మె సలమా (రజి). ఆయన (సఅసం) అలాగే చేశారు. అందరూ అనుసరించారు. యావత్ సమాజానికి సంబంధించిన విషయంలో ఒక స్త్రీ సలహా దారి చూపింది.

మన దేశ చరిత్రలోనూ ఒక పాఠం ఉంది. 1951-52 తొలి సాధారణ ఎన్నికల నాటికి దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లు ఓటర్ల జాబితా నుండి తొలగిపోయాయి. కారణం? వారు తమ పేరు చెప్పలేదు, ఫలానా వారి భార్యననో, తల్లిననో మాత్రమే చెప్పుకున్నారు. నేడు జాబితాలో పేరుంది, కాని ఎంపిక ఆమెది కాకపోతే తేడా ఏముంది?

ఒంగోలు నుండి 1996లో మాగుంట పార్వతమ్మ లోక్‌సభకు వెళ్ళారు. అయినా 2024లో గెలిచిన 543 మందిలో స్త్రీలు 74 మందే. చట్టసభల్లో మూడో వంతు స్థానాలు స్త్రీలకు కేటాయిస్తూ 2023లో రాజ్యాంగాన్ని సవరించారు. మన రాష్ట్రం 2011లోనే స్థానిక సంస్థల్లో సగం స్థానాలు ఇచ్చింది. కుర్చీ ఆమెది, పెత్తనం భర్తది అయితే ఆ చట్టం కాగితానికే పరిమితం.

స్త్రీ దేశాధినేత కావచ్చునా అన్న విషయంలో పండితుల మధ్య అభిప్రాయభేదం ఉంది. కాని సాక్ష్యం ఎవరిది వారే ఇవ్వాలన్న విషయంలో సందేహానికి తావెక్కడ? ప్రళయదినాన ఎవరి బరువు వారే మోయాలి. "నా భర్త చెప్పాడు" అన్న సాకు ఆమెను కాపాడదు. బలవంతం చేసిన భర్త తన జవాబు తాను చెప్పుకోక తప్పదు.

కనుక సోదరులారా! ఇంట్లో సంప్రదించుకోండి, శాసించకండి. సోదరీమణులారా! విచారించండి, అడిగి తెలుసుకోండి, ఆపైన మీ మనస్సాక్షితో మీరే నిర్ణయించుకోండి.

అమానతును న్యాయంగా నెరవేర్చే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.