కౌలు కాగితం

తల్లీ,

నిన్న ఫోనులో నువ్వు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేక నసిగాను. మీ కాలేజీలో మూడో సంవత్సరం పిల్లలకు కొత్త పాఠం పెట్టారన్నావు. పరిశోధనశాలల టెక్నాలజీని లైసెన్సు మీద తెచ్చుకుని, నలుగురికీ పనికొచ్చే సంస్థ పెట్టడం ఎలాగో నేర్పాలట. “మొదటి క్లాసులో ఏం చెప్పమంటావు బాబాయ్?” అన్నావు. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

మొదటి రోజు లైసెన్సు అనే మాటే ఎత్తకు. కౌలు అని చెప్పు. మీ క్లాసులో చాలామందికి ఇంట్లోనో పక్కింట్లోనో కౌలు రైతు ఉండే ఉంటాడు. పొలం మనది కాదు, దున్నుకునే హక్కు మనది. అదీ ఇన్నేళ్లని, ఇంతవరకేనని, ఇంత కట్టాలని. లైసెన్సూ అంతే. పేటెంటుకు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు ఆయుష్షు. ఆ తర్వాత అది ఊరుమ్మడి చెరువు, ఎవరైనా దిగొచ్చు. ఈలోగా ముందు కొంత మొత్తం, తర్వాత అమ్మకాల మీద రాయల్టీ. కొన్ని ఒప్పందాల్లో అమ్మినా అమ్మకపోయినా ఏటా కనీసం ఇంత కట్టాలని కూడా ఉంటుంది. కరువొచ్చినా కౌలు తప్పనట్టు.

నా సంగతి నీకు సగమే తెలుసు. ఇద్దరు స్నేహితులతో కలిసి చింతపండు గుజ్జు తీసే పద్ధతికి లైసెన్సు తెచ్చుకున్నాను. ఫీజు కట్టడానికి మీ పిన్ని గాజులు తాకట్టుకు వెళ్లాయి. పద్ధతి మంచిదే, నేర్పినవాళ్లూ ఓపిగ్గా నేర్పారు. కానీ వాళ్లు చూపించింది గింజా పీచూ తీసిన అయిదు కిలోల పండు మీద. మేం ఒక్కసారే రెండు క్వింటాళ్లు పోశాం, మండీలో చవగ్గా దొరికిన పాత సరుకు. గుజ్జు అడుగంటి, తారులా నల్లబడి, మాడు వాసన కొట్టింది. సరే, మూడు నెలలు కిందామీదా పడి దారికి తెచ్చామా, పక్క జిల్లాలో ఇంకొకాయన అదే గుజ్జు మాకన్నా తక్కువకు అమ్మడం మొదలుపెట్టాడు. మోసం అని గొంతు చించుకున్నాను. తీరా కాగితం తీసి చూస్తే, ఈ లైసెన్సు మీ ఒక్కరికే కాదు, అడిగినవాళ్లందరికీ ఇస్తామని నాలుగో పేజీలో స్పష్టంగా ఉంది. నేను మొదటి పేజీ, సంతకం పేజీ మాత్రమే చదివాను. అందుకే చెబుతున్నా, మీ పిల్లలచేత ఒప్పందం మొత్తం గొంతెత్తి చదివించు. విసుగు పుట్టినా సరే.

రెండో క్లాసు గదిలో పెట్టకు. తెల్లవారుజామున బోయినపల్లి కూరగాయల మార్కెట్టుకు తీసుకెళ్లు. అక్కడి వ్యర్థాల నుంచి కరెంటు తీసే ప్లాంటు హైదరాబాదు ఐ.ఐ.సి.టి. పరిశోధనశాల పేటెంటు టెక్నాలజీతో, లైసెన్సు తీసుకున్న సంస్థ కట్టింది. 2021 నాటి లెక్కలో రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థాలు, 500 యూనిట్ల దాకా కరెంటు. గ్యాసులో కొంత అక్కడి క్యాంటీన్ వంటకు వెళ్లేది. 2021 జనవరిలో ప్రధాని తన రేడియో ప్రసంగంలో చెప్పాక దేశమంతా విన్నది. పిల్లలు ముందుగా ప్లాంటులోని గ్యాసు బెలూన్లకేసి చూస్తారు. నువ్వు మాత్రం మార్కెట్లోని చెత్తకుప్ప దగ్గర నిలబెట్టు. క్యాబేజీ ఆకుల్లో చిక్కుకున్న ప్లాస్టిక్ సంచి, టమాటా రసంలో నానిన పురికొస, ఎవరో విసిరిన టీ కప్పు. వీటిని ఏరేది చెయ్యి. ట్యాంకులో చెత్తను గ్యాసు చేసే సూక్ష్మజీవులు పాడిగేదెల్లాంటివి. వేళకు మేత పడాలి, పులుపు ఎక్కువైతే అలుగుతాయి. పండగ సెలవులు వాటికి తెలియవు. ఆ చేతుల జీతం ఎంత, ఎవరిస్తారు అని అడుగు. పిల్లల ప్రాజెక్టు రిపోర్టులో ఆ పద్దు ఉండదు. నేను పందెం కాస్తాను.

ఇంకోటి. తాగే నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్ నీరి సంస్థ వాళ్లు రూపొందించిన పద్ధతికి మన నల్లగొండ పేరే పెట్టారు. పటిక, సున్నం, ఒక బకెట్టు చాలు, ఇంట్లోనే చేసుకోవచ్చు. అయినా ఏ నీటికి ఎంత పటికో కొలవాలి, కలపాలి, తేరనివ్వాలి, అడుగున మిగిలిన మడ్డిని ఎక్కడో పారబొయ్యాలి. రోజూ ఎవరు చేస్తారు? చివరికి ఆ ఫ్లోరైడ్ ఊళ్లకు కావలసి వచ్చింది కృష్ణా నీళ్లు, పైపులు. మీ పిల్లల్లో ఎవరైనా ఊళ్లన్నీ తిరిగొచ్చి, “మేడమ్, ఇక్కడ మన టెక్నాలజీ అక్కర్లేదు” అన్నారనుకో, వాళ్లకు మార్కులు తగ్గించకు.

నన్ను నిరాశావాదివి అనకు. మైసూరు సి.ఎఫ్.టి.ఆర్.ఐ. వాళ్లు గేదె పాలతో పసిపిల్లల ఆహారం చేసే పద్ధతి కనిపెడితే, దాన్ని అందుకుని బజారుకు తెచ్చింది ఆనంద్ పాలరైతుల సహకార సంఘం. ఎందుకు నిలబడింది? టెక్నాలజీ రాకముందే అక్కడ పొద్దునా సాయంత్రం పాలు పోసే వేల గుమ్మాలున్నాయి, లెక్క రాసే మనుషులున్నారు. కౌలుకు పోకముందే ఇంట్లో ఎడ్లున్నాయన్నమాట.

మరిచిపోయేలోగా రాస్తున్నా, ఒప్పందం ఎవరి పేరు మీద ఉంటుంది? నాలుగో సంవత్సరం అయ్యేసరికి ఒకడు బెంగళూరు, ఒకతె టెక్సాస్. లైసెన్సు మటుకు కాలేజీ బీరువాలో బూజు పడుతుంది. ఆ పద్ధతిని వాడబోయే మహిళా సంఘమో, రైతు ఉత్పత్తిదారుల కంపెనీయో మొదటినుంచీ సంతకంలో ఉండేట్టు చూడు. పిల్లలు ఆ పద్ధతికి ఏదైనా మెరుగు దిద్దితే అది ఎవరిదవుతుందో కూడా ముందే రాయించు. తర్వాత అడిగితే మొహమాటాలు.

దసరా సెలవుల్లో నలుగురైదుగురిని వెంటబెట్టుకుని ఇంటికి రా. నా పాత ఒప్పందం ఇంకా ట్రంకు పెట్టెలో ఉంది. ఎర్ర పెన్ను ఇస్తాను, నేను చదవకుండా వదిలేసిన చోట్లన్నీ వాళ్లచేత గీతలు గీయించు. పిన్ని పులిహోర చేస్తానంటోంది. గుజ్జుతో కాదులే, చింతపండు నానబెట్టే.

మీ బాబాయి