కుంచం పట్టే చేతికి ముందు కొలవాలి

గౌతమి పాయకు ఇవతల, పంటకాలువ గట్టునానుకుని ఒక ఊరు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలువకు నీళ్లు నిలకడగా రావడంతో ఆ ఊళ్లో సార్వా పంటకు బెంగ లేకుండా పోయింది. భూమి కొద్దిమంది కామందులది. చేసేది సగపాలు రైతులు. కుప్ప నూర్చి, తూర్పారబట్టి, పొల్లు పోగా మిగిలిన రాశిని కళ్లంలోనే చెరిసగం పంచుకునేవాళ్లు. రాశి పక్కన కుంచం పట్టి కూర్చునే మనిషి మీద ఇరుపక్షాలకూ నమ్మకం ఉంటేనే ఆ పంపకం సాగేది.

ధాన్యం కొలిచే పని ఒక ముసలాయనది. రాశి ముందు గొంతుక్కూర్చుని, కుంచం ముంచి, అంచుకు సరిగ్గా అరచేత్తో గీసి పక్కన పోసేవాడు. మొదటి కుంచానికి ఒకటి అనకుండా ‘లాభం’ అనేవాడు. తర్వాత రెండు, మూడు. ఏడు దగ్గరికొస్తే ‘ఆరున్నొకటి’. కొలత చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది. కుంచంలో గింజ వదులుగా పడిందా, కుదురుకుని పడిందా అన్నదంతా మణికట్టులో ఉంటుంది. కుంచానికి గుప్పెడు తేడా వస్తే పుట్టికి ఎనభై గుప్పెళ్లు. పది పుట్లు కొలిచేసరికి ఆ తేడా అరబస్తా దాటిపోతుంది. ఎవరి అరబస్తా అన్నదే తగాదా.

ముసలాయనకు రావలసిన మేర, అంటే కొలిచినందుకు ఇచ్చే ధాన్యం, ఆ ఊళ్లో ముందే తేలిపోయి ఉండేది. రాశి పంచకముందు, ఇద్దరూ చూస్తుండగా, ఉమ్మడి ధాన్యంలోంచి రెండు కుంచాలు తీసి పక్కన పోసేవారు. అది అయ్యాకే ‘లాభం’ అన్న మాట వినపడేది.

కొన్నాళ్లకు ముసలాయనకు చూపు మందగించింది. పదహారేళ్ల మనవడు కుంచం పట్టాడు. తాత దగ్గర నాలుగు పంటలపాటు పక్కన కూర్చుని నేర్చినవాడు, చెయ్యి కుదిరినవాడు. కొత్త ధాన్యం కళ్లానికొచ్చిన రోజు కామందు అన్నాడు:

“కుర్రాడే కదా, ఇంకా నేర్చుకుంటున్నాడు. వీడికి మేరెందుకు? పూట అన్నం పెడదాం. పనీ వస్తుంది, పేరూ వస్తుంది.”

సగపాలు రైతు కాదనలేదు. మేర ఉమ్మడి రాశిలోంచి పోయేది కాబట్టి అందులో సగం తనకూ మిగులుతోంది. ఏ విషయంలోనూ కుదరని ఆ ఇద్దరికీ, కుర్రాడికి ఎగ్గొట్టే విషయంలో మాత్రం చక్కగా కుదిరింది.

కుర్రాడు పొద్దు పొడవకముందు కూర్చుంటే దీపాలు పెట్టేదాకా లేచేవాడు కాదు. చెవుల్లో నుసి, మెడ మీద దురద, గీసిగీసి అరచేతి అంచు కందిపోయేది. మధ్యాహ్నం అన్నం కామందు ఇంటినుంచి వచ్చేది. పంపకం బాగా జరిగిందని సంతోషం వేసి ఓ రోజు కామందు, “ఒరేయ్ అబ్బాయ్, ఇది ఉంచుకో” అని తన వాటాలోంచి ఓ కుంచెడు వాడి తుండుగుడ్డలో పోయించాడు. రైతు చూశాడు. ఏమీ అనలేదు. మర్నాడు రెండో కళ్లంలో మూడో కుంచం దగ్గరే ఆపాడు.

“ఏంట్రా, ఒత్తి పోస్తన్నావ్?”

“లేదండి. నిన్నెలా పోశానో ఇయ్యాలా అలాగేనండి.”

నిజంగా అలాగే పోశాడు. కానీ నిన్న లేని అనుమానం ఇవాళ రైతు కళ్లలో ఉంది. ఆ రాత్రి రైతు తమ్ముడు ఓ అరటి గెల తెచ్చి కుర్రాడి ఇంటి అరుగు మీద పెట్టి వెళ్లాడు. పాలేరు అది చూసి కామందు చెవిన వేశాడు. మూడో రోజుకు కుర్రాడి చేతిని రెండు వైపులనుంచీ నాలుగు జతల కళ్లు కాపలా కాస్తున్నాయి. వాడు గింజ దొంగిలించలేదు, ఎవరి పక్షమూ పట్టలేదు. అయినా కుంచం గీసే ముందు ఒకసారి ఈయన మొహం, ఒకసారి ఆయన మొహం చూడ్డం అలవాటైంది. చూసిన ప్రతిసారీ వాడి మీద అనుమానం పెరిగింది.

మరుసటేడు వాడు కళ్లానికి రాలేదు. కాకినాడ రేవులో మూటలు మోసే పనికి వెళ్లిపోయాడు. అక్కడ సాయంత్రానికి చేతిలో డబ్బు పడుతుంది, ఎంత పడుతుందో పొద్దున్నే తెలుస్తుంది.

కళ్లంలో కామందు తన కుంచం తెప్పించాడు, రైతు తన కుంచం తెచ్చుకున్నాడు. రెండింటి లెక్కా కలవలేదు. ఒకడు కొలిచిన రాశిని ఇంకొకడు కలిపేసి మళ్లీ కొలిచాడు. అలా మూడు రోజులు. నాలుగో రోజు తూర్పున మబ్బు పట్టింది, రాత్రికి తుఫాను. గడ్డి కప్పారు గాని కింద నీరు చేరింది. వానలు వెలిసి రాశి తీసి చూస్తే అడుగు సగం తెల్లటి మొలకలు. రెండు కుంచాల మేర మిగుల్చుకున్న ఇద్దరూ పుట్ల ధాన్యం పోగొట్టుకున్నారు.

దాళ్వా కోతలకు మనిషిని పంపి కుర్రాణ్ణి పిలిపించారు. వాడొచ్చి కళ్లంలో కూర్చోకుండా నిలబడే అడిగాడు.

“నా మేర ముందు కొలవండి. ఇద్దరూ కలిసి ఉమ్మడి రాశిలోంచే కొలవండి. ఆ తర్వాత అన్నమైనా సరే, గెలైనా సరే, ఎవరూ ఏమీ ఇవ్వొద్దు.”

“ముందే తీసేసుకుంటే నువ్వు సరిగా కొలుస్తావని ఏంట్రా నమ్మకం?” అన్నాడు రైతు.

“ముందే తీసుకున్నోడికి మీ ఇద్దరి మొహాలూ చూడాల్సిన పనుండదండి.”

కామందు కుంచం అందుకున్నాడు, రైతు రాశి పక్కకు జరిపాడు. మేర పోశారు.

నీతి: ఇద్దరి మధ్య కూర్చుని న్యాయం చెప్పేవాడి కూలి ఆ ఇద్దరూ కలిసి ఇవ్వాలి, పని మొదలయ్యే ముందే తేల్చాలి, అది ఎంతో అందరికీ తెలియాలి. చిన్నవాడని తగ్గించకూడదు. సంతోషం కొద్దీ ఇచ్చేది కూలి కాదు.

ఈ నీతి ఇవాళ అచ్చంగా వర్తించేది పిల్లల ఫుట్‌బాల్ పోటీల దగ్గర. మన గోదావరి జిల్లాల్లో ఈ ఆటకు కబడ్డీకున్న జనం లేరు, వాలీబాల్‌కున్న ఊళ్లు లేవు. 2023 డిసెంబరులో మొదలైన ‘ఆడుదాం ఆంధ్రా’ పోటీల్లో క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్ అని అయిదు ఆటలకు గ్రామ, వార్డు సచివాలయం స్థాయి నుంచి రాష్ట్రం దాకా మెట్లు వేశారు గాని, అందులో ఫుట్‌బాల్ లేదు. అందువల్ల అండర్-14, అండర్-17 పిల్లలకు ఎక్కడైనా పోటీ జరిగిందంటే దాని వెనక ఓ పీఈటీ మాస్టారు, నలుగురు పాత ఆటగాళ్లు, ఊరి యువజన సంఘం ఉంటారు. వాళ్ల శ్రమకు నేను చేతులెత్తి మొక్కుతాను. ఆ మనుషులే లేకపోతే మన పిల్లలకు బంతి ఉండదు.

కానీ అలాంటి పోటీల ఖర్చుల కాగితం ఓసారి చూడండి. షామియానా, మైకు సెట్టు, ఫ్లెక్సీలు, కప్పులు, ముఖ్య అతిథికి శాలువా, మధ్యాహ్నం బిర్యానీ పొట్లాలు, అన్నిటికీ ఎదురుగా అంకె ఉంటుంది. విజిల్ ఊదే కుర్రాడికీ, జెండా పట్టుకుని గీత వెంబడి పరిగెత్తే ఇద్దరికీ ఎదురుగా చాలా కాగితాల్లో ఏ అంకే ఉండదు. వాళ్లు ఏ డిగ్రీయో, బి.పి.ఎడ్డో చదువుతూ, అమలాపురం నుంచో తణుకు నుంచో పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లు. ఎండలో నాలుగైదు మ్యాచ్‌లు నడుపుతారు. పందొమ్మిదేళ్ల వాడు పదమూడేళ్ల పిల్లల మధ్య పరిగెత్తుతూ, ఆఫ్‌సైడ్ చెప్పాలి, మోకాలు పట్టుకు పడిపోయినవాడికి నిజంగా దెబ్బ తగిలిందో లేదో చూడాలి, గీత బయట అరిచే నాన్నకు జడవకుండా పసుపు కార్డు తీయాలి. సాయంత్రం జ్ఞాపిక చేతికిచ్చి, “ఇంకా నేర్చుకునే వయసు, అనుభవం వస్తుంది కదా” అంటారు. కళ్లంలో కామందు అన్నది కూడా ఈ మాటే.

అనుభవం వస్తుందన్నది నిజమే. ఆ అనుభవం వాడితోపాటు పిల్లలందరి ఆటకూ పనికొస్తుంది కాబట్టి దాని ఖరీదు వాడొక్కడి జేబులోంచి పోకూడదు. బస్సు చార్జీ పెట్టుకుని, ఒక రోజు కూలి లేదా ట్యూషన్ వదులుకుని వచ్చినవాడు నిజానికి పోటీకి చందా ఇస్తున్నాడు. దాతల పేర్లు రాసిన ఫ్లెక్సీలో ఆ పేరు కనిపించదు.

మరీ బాధపెట్టేది, గెలిచిన జట్టు యజమాని జేబులోంచి తీసి ఇచ్చే ‘సంతోషం’. ఆయన మంచి మనసుతోనే ఇస్తాడు. కానీ ఓడిన జట్టు పిల్లలు చూస్తూ ఉంటారు. సెమీ ఫైనల్‌లో ఇవ్వని పెనాల్టీ గుర్తొస్తుంది. ఆ రెఫరీ ఎంత నిజాయితీపరుడైనా వచ్చే ఏడాది అదే జట్ల మధ్య విజిల్ ఊదితే ఆ అనుమానం ముందే వచ్చి కూర్చుంటుంది. ముందే తేల్చిన కూలి ఉంటే ఆ నోటు తీసుకోనక్కర్లేదని వాడే చెప్పగలడు. లేనప్పుడు, తిరుగు బస్సుకు డబ్బుల్లేని కుర్రాణ్ణి వద్దనమని ఎలా అడుగుతాం?

ఫుట్‌బాల్ చరిత్రలోనూ ఇలాంటి దశ ఉంది. ఇంగ్లండులో తొలినాళ్లలో ఒక్కో జట్టు తన అంపైర్‌ను తానే తెచ్చుకునేది. ఇద్దరికీ కుదరకపోతే తీర్పు చెప్పడానికి గీత బయట ఒక రెఫరీ ఉండేవాడు. 1891లో నిబంధనలు మార్చి, రెఫరీని మైదానంలోకి తెచ్చి మొత్తం అధికారం అతనికిచ్చారు. పాత అంపైర్లు ఇద్దరూ గీత దగ్గర జెండా పట్టేవాళ్లయ్యారు. ఎవరి మనిషీ కాని మనిషి ఒకడు కావాలని ఆటే తెలుసుకుంది. ఎవరి మనిషీ కాకుండా ఉండాలంటే ఎవరి దయ మీదా బతకకూడదు.

మన తెలుగు నేల నుంచి పెద్ద రెఫరీలు రాలేదని కాదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టుకు స్వర్ణం తెచ్చిన హైదరాబాదు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం కుమారుడు ఎస్.ఎస్. హకీం, 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టు సభ్యుడు, తర్వాత ఫిఫా రెఫరీ అయ్యాడు. 1988 ఆసియా కప్‌లో విజిల్ పట్టాడు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం వచ్చింది. ఆయన వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్. నెల జీతం ఉన్న మనిషికి విజిల్ మీద ప్రేమ నిలబెట్టుకునే వీలుంటుంది. ముమ్మిడివరం నుంచో నరసాపురం నుంచో వచ్చే రైతుకూలీ కొడుక్కి, కూతురికి ఆ దన్ను లేదు. వాళ్లలో ఎంత చక్కటి చూపు, ఎంత పరుగు ఉన్నా రెండు సీజన్లు చూసి మానేస్తారు. వాళ్లు ఎందుకు మానేశారో అడిగేవాళ్లు కూడా ఉండరు.

1982లో ఢిల్లీ ఆసియా క్రీడల కోసం స్టేడియాలు కట్టిన కూలీల కేసులో సుప్రీంకోర్టు ఒక గొప్ప మాట తేల్చింది. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి పని చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని చెప్పింది. ఒక పూట పిల్లల ఆట నడిపే కుర్రాడికి ఆ తీర్పు చట్టప్రకారం వర్తిస్తుందని నేననడం లేదు. ఆటల పండగ పేరు చెప్పి చెమటకు ఖరీదు తగ్గించకూడదన్న ఆలోచన మాత్రం మనందరిదీ కావాలి. 2024-25లో ఉపాధి హామీ పనికి మన రాష్ట్రంలో రోజు కూలి 300 రూపాయలు. రోజంతా ఎండలో పరిగెత్తే రెఫరీకి అంతకన్నా తక్కువ ఇచ్చే పోటీ ఏదైనా సరే, ముందు ఆ సంగతి సరిచేసుకోవాలి.

డబ్బు ఎక్కడిదంటారు. లెక్క వేద్దాం. పదహారు జట్ల నాకౌట్ పోటీ అంటే మొత్తం పదిహేను మ్యాచ్‌లు. మ్యాచ్‌కు రెఫరీకి 200, ఇద్దరు సహాయకులకు చెరో 100 అనుకుంటే మ్యాచ్‌కు 400, పోటీ మొత్తానికి 6,000 రూపాయలు. జట్టుకు 375. జట్టులో ఆడేవాళ్లు పదకొండుమంది, పక్కన కూర్చునేవాళ్లు అయిదుగురు ఉంటే తలకు 24 రూపాయలు కూడా పడవు. ఎంట్రీ ఫీజులో ‘రెఫరీల కూలి’ అని విడిగా ఒక గడి రాసి ఈ మొత్తం వసూలు చేస్తే అది అన్ని జట్ల ఉమ్మడి రాశిలోంచి వచ్చినట్టే. కట్టలేని సర్కారు బడి జట్టు ఉంటే దాని వాటా దాత ఇవ్వొచ్చు. అప్పుడు కూడా డబ్బు కమిటీ చేతిమీదుగానే పోవాలి, జట్టు చేతినుంచి కాదు.

పోటీ కరపత్రం మీద బహుమతి మొత్తం పక్కనే ఈ కూలి అంకె వేయండి. బస్సు చార్జీ విడిగా ఇవ్వండి. వాన పడి మ్యాచ్ ఆగినా వచ్చినవాళ్లకు చార్జీతోపాటు సగం కూలి ఇవ్వండి. అమ్మాయి విజిల్ పట్టినా అబ్బాయి పట్టినా ఒకటే అంకె. మొదటి మ్యాచ్‌కు ముందే ఫోన్‌పే చేసి, ఇద్దరు కెప్టెన్ల ముందు చెప్పండి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు జెండా పడితే డబ్బు అమ్మ ఖాతాకో నాన్న ఖాతాకో పంపి, ఎన్ని మ్యాచ్‌లకు ఎంతో చీటీ రాసి పిల్లల చేతికే ఇవ్వండి.