చీవరమూ చిప్స్ కవరూ

వినయపిటకం చుల్లవగ్గలో ఒక సంభాషణ ఉంది. కోసంబి రాజు ఉదేనుని అంతఃపుర స్త్రీలు ఆనందునికి 500 చీవరాలు దానం చేస్తారు. ఇన్ని ఏం చేసుకుంటారని రాజు అడుగుతాడు. చీవరాలు చినిగిన భిక్ఖువులకు పంచుతామంటాడు ఆనందుడు. మరి ఆ చినిగినవి? పక్కమీద దుప్పట్లవుతాయి. పాత దుప్పట్లు పరుపు గలీబులు, అవి పాతబడితే నేలమీద పరుపులు, తరువాత కాళ్లు తుడుచుకునే గుడ్డలు, ఆపైన దుమ్ము దులిపే గుడ్డలు. చివరకు ముక్కలు చేసి, మట్టిలో కలిపి నేల అలుకుతామంటాడు. రాజు సంతోషించి మరో 500 ఇచ్చాడట.

ఈ వరుస మన వంటింట్లో ఎక్కడ తెగుతోంది? పాల ప్యాకెట్టు ఒకే రకం ప్లాస్టిక్కు. కడిగి ఆరేసి పోగుచేస్తే పాతసామాన్లవాళ్లు కొంటారు. చిప్స్ కవరు ప్లాస్టిక్ పొరలకు అల్యూమినియం పూత అతికించినది. విడదీయడం గిట్టుబాటు కాదు కనుక అది ఎవరికీ అక్కర్లేదు. దాన్ని మనం కోసి అలమర అరల్లో పరుస్తాం, చిల్లులు పెట్టి కరివేపాకు మొక్క నాటుతాం, పీలికలు మడిచి చాప అల్లుతాం. మంచి పనే. కానీ ఆనందుని గుడ్డ మట్టిలో కలిసింది, ఇది కలవదు. చాప చినిగిన నాడు చెత్తబండి ఎక్కవలసిందే. అక్కడ చేత్తో ఏరేది చాలా ఊళ్లలో మన అక్కలూ అన్నలే.

1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ మనవాళ్లను చచ్చిన పశువు మాంసమూ, విసిరేసిన ఎంగిలీ ముట్టవద్దన్నారు. బుద్ధుని భిక్ఖువులేమో శ్మశానంలో, చెత్తకుప్పలో దొరికిన పేలికలు కుట్టుకుని పంసుకూల చీవరం ధరించారు. రెండూ ఒకరు పారేసినవే. భిక్ఖువు దాన్ని కోరి ఎంచుకున్నాడు. మన పెద్దలకు కాదనే వీలు లేదు. కాబట్టి మన ఇంటి పొదుపును మెచ్చుకునే ముందు, ఆ కవరు చివరి మజిలీలో కాదనే వీలు లేనిది ఎవరికో అడగాలి.

దాన్ని తయారుచేసినవారినీ అడగాలి. రీసైకిల్ కాని బహుళపొరల ప్లాస్టిక్‌ను రెండేళ్లలో ఆపాలని 2016 నిబంధనలు చెప్పాయి. 2018 సవరణలో 'మరో ఉపయోగం లేనిది' అన్న మాట వచ్చి చేరింది. మనం అల్లిన చాప కంపెనీలకు ఆ 'మరో ఉపయోగం'గా, సాకుగా పనికిరాకూడదు.

అంతవరకు ఇంటికి వచ్చిన కవరునైనా కడిగి, ఆరబెట్టి, పొడిచెత్తలో విడిగా ఇద్దాం. కుళ్లు అంటుకున్న కవరు ఎవరి చేతికి తగులుతుందో మనకు తెలుసు. ఈ డిసెంబరు 6న మన విహారాల్లో బిస్కెట్ ప్యాకెట్లకు బదులు ఆకుదొన్నెల్లో ఉడికించిన శనగలు పంచితే, ఆ రోజుకు కడగవలసిన కవర్లే ఉండవు.