మింటి చూపు, నేల గీత

దాజీపేటలో మన యిండ్ల తీరు మనకు క్రొత్త కాదు. క్రింద మగ్గములు, మీద కాపురము. ఒకే కప్పు క్రింద అన్నదమ్ముల సంసారములు రెండో మూడో. గోడ యొక్కటే, పొయ్యిలు వేరు. ఎవరి పాలు ఎందాక యన్నది పలుచోట్ల కాగితము మీద లేదు. తాతగారి మాటయే ఆధారము. ఇట్టి యింటిమీద డ్రోను ఎగిరినచో దానికేమి తెలియును? కప్పు పొడవు వెడల్పులు తెలియును. ఆ పటములలో తేడా సుమారు 5 సెంటీమీటర్లేనందురు. మంచిదే. కాని కప్పును కొలుచుట యింటిని కొలుచుట యగునా?

ఎత్తునుండి చూచువారియెడ శంక నేటిది కాదు. 1802లో మద్రాసు చెంత దేశపు కొలత నారంభించిన విలియం లాంబ్టన్ అరటన్ను బరువుగల థియోడొలైటును కొండలపైకిని గోపురములపైకిని ఎక్కించెడివాడు. 1808లో తంజావూరు గోపురముపైకి లాగుచుండగా అది గోడకు కొట్టుకొని చెడినది. ఆ కాలమున ఇట్టి దుర్భిణులు తమ యిండ్లలోని స్త్రీలను చూపునని జనులు భయపడిరని చెప్పుదురు. ఆ భయమును చూచి మేము నవ్వము. మిద్దెమీద తలారబోసికొను ఇల్లాలికి మిద్దెయు ఇల్లే. ఏకాంతము ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ మాట గదికి చెల్లినట్లే మిద్దెకును చెల్లవలెనని మా యభిప్రాయము.

అట్లని కొలతయే వలదనుట తగదు. ఉతారా లేని యింటిమీద బ్యాంకులో అప్పు పుట్టుట కష్టము. ఎవరి కంటను పడకుండుటయు నొక నష్టమే. 2020 ఏప్రిల్ 24న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన స్వామిత్వ పథకము పల్లెయిండ్లకు ఈ కొరత తీర్చుటకే పుట్టినది. మొదట చేపట్టిన రాష్ట్రములలో మన మహారాష్ట్రమును ఒకటి. అందులో మాకు మిక్కిలి నచ్చినది యంత్రము కాదు, సున్నము. డ్రోను ఎగురుటకు ముందు హద్దుల వెంట నేలమీద సున్నముతో గీత గీయుదురు. పైనున్న కన్ను ఆ గీతనే చూచును. ఇరుగుపొరుగులు ఒప్పుకొన్నగాని ఆ గీత నిలువదు. నిలిచిననాడు సగము తగవు అక్కడనే తీరును. పిమ్మట పటమును ఊరివారికి చూపి, అభ్యంతరములు విని, ఆపైననే హక్కుపత్ర మీయవలెను. అనగా ఆకాశమునుండి చూచినదానిని వాకిటికి దిగివచ్చి మరల అడుగవలెనన్నమాట.

ఆ అడుగుట చాలనిచోట ఏమగునో ఆంధ్రదేశమున చూచితిమి. 2020 డిసెంబరు 21న అచట మొదలైన భూముల రీసర్వేలో డ్రోనులును ఉపగ్రహ సంకేతములును వాడిరి. అయినను తమ విస్తీర్ణము తగ్గెనని, పలువురి భూములు ఒకే నంబరు క్రింద కలిసిపోయెనని రైతులెందరో మొరపెట్టుకొనిరి. యంత్రము తప్పు చేసెనని మేమనము. అది చూచినది చూచినట్లు చెప్పును, అంతే.

2025 ఫిబ్రవరి 18న నక్షా అను పథకముతో పట్టణముల వంతును వచ్చినది. తొలి విడత 152 పట్టణములు. పట్టణమున సున్నపు గీత చాలదు. అంతస్తు మీద అంతస్తున్న యింటిలో ఏ గీత ఎవరి హద్దు?

వామనుడు బలిని అడిగియే కొలిచెను. అడిగినప్పటి పాదము వేరు, కొలిచినప్పటి పాదము వేరు. అది మరువరాని కథ. హద్దు కొరకని తీసిన చిత్రమును రేపు పన్నుకును ఎల్లుండి కూల్చివేతకును వాడినచో, మేమొప్పుకొన్నది దేనికని అడుగు హక్కు గృహస్థునకు కలదు. పన్ను ఎగవేతను మేము సమర్థించుట లేదు. ఏ పనికి కొలుచుచున్నారో ముందే చెప్పుమనుచున్నాము.

అయితే మన యింటిలోని అన్యాయమును డ్రోనుపై నెట్టుటయు తగదు. తెలంగాణమునకు ఇచ్చిన ఆడపడుచు పాలు ఏ చిత్రములోను పడదు. 2005 నాటి చట్టసవరణ పిత్రార్జితములో ఆమెకును సమానహక్కు నిచ్చినది. మన నోటిలెక్కలలో ఆమె పేరు ఎన్ని యిండ్లలో వినబడుచున్నది? కొలుచువాడు వచ్చి ఇల్లెవరిదని యడుగునప్పుడు అన్నదమ్ములు చెప్పబోవు మాటలో ఆమె యుండునా? దానిని ఆమె యెదుటనే తేల్చుకొనవలెను. నూలిపున్నమికి మార్కండేయ రథోత్సవము చూడ ఆమె యెటులును వచ్చును గదా.