పాతకత్తి వాదర – కాయకసత్యము



కాయకమను మాట వినబడగానే మన మనస్సునకు తోచునది పనిలో నున్న చేయి. పడవ నడుపువాడు, బట్టలుతుకువాడు, చెప్పులు కుట్టువాడు, త్రాళ్లు పేనువాడు – పండ్రెండవ శతాబ్దమున కళ్యాణపట్టణములో బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులలో పలువు రిట్టివారే. అయితే పని ముగిసిన పిమ్మట పనిముట్టు గతి యేమి? ఇన్నాళ్లు అన్నము పెట్టిన కత్తిని ఒకనాడు సంతలో అమ్మవలసి వచ్చినపుడు కాయకధర్మము అమ్మువాని వెంట సంతలోనికి వచ్చునా, లేక సంత వాకిటనే నిలిచిపోవునా? చూచుటకిది చిన్నప్రశ్న. కాని దీనియందొక మనిషి చేతివ్రేళ్లు, ఒక కుటుంబపు దినవెచ్చము ఇమిడియున్నవి.

నెల్లూరుసీమ తూర్పుతీరమున కోట, వాకాడు మొదలు ఇందుకూరుపేట, విడవలూరు వఱకు సముద్రపుటిసుకలో సరుగుడుతోటలు కలవు. నాటిన నాలుగైదేండ్లకు చెట్టు కోతకు వచ్చును. ఒకప్పుడు ఈ కట్టెలు బకింగ్‌హాం కాలువమీద పడవలలో చెన్నపట్నము చేరెడివి. 1877-78 నాటి కరువులో కూలికై వచ్చిన పేదలచేత త్రవ్వించిన భాగములు ఆ కాలువలో నున్నవి. నేడా కట్టెలను లారీలు మోయుచున్నవి. మ్రానులను పడగొట్టుటకు యంత్రపు ఱంపములును వచ్చినవి. అయినను కొమ్మలు నఱకి, బొంగు నున్నగా చేయుటకు మచ్చుకత్తి పట్టిన చేయి నేటికిని కావలసియే యున్నది.

నెల్లూరివారికి కత్తి యనగానే ఖడ్గతిక్కన గుర్తుకు వచ్చుట సహజము. మనుమసిద్ధి పక్షమున కాటమరాజుతో పోరిన ఆ వీరుని కథ ఇంటింట చెప్పుకొన్నదే. కట్టెలు కొట్టువాని కత్తిమీద మాత్రము ఎవరును కావ్యము వ్రాసినట్లు లేదు. వ్రాయకపోయినను ఎన్ని ఊళ్ల పొయ్యిలు దాని చలువచేత వెలిగినవో!

ఆ కత్తి కొలిమిలో పుట్టును. నేడు పల్లెకమ్మరి తఱచుగా వాడునది పాతలారీల కమానుకట్టల ఉక్కు. దానిని ఎఱ్ఱగా కాల్చి, దాగలిపై పెట్టి సాగగొట్టి, రూపము తెచ్చి, మరల కాల్చి నీటిలోనో నూనెలోనో ముంచును. అట్లు ముంచిన ఉక్కు గట్టిపడును గాని పెళుసుబాఱును; రాతికి తగిలిన పెచ్చులూడును. కావున కమ్మరి దానికి మరల మెల్లగా సెగ చూపి పెళుసుతనమును తగ్గించును. సెగ మించినచో కత్తి మెత్తబడును, చాలనిచో విఱుగును. ఆ నడిమి స్థితియే పదును. తెలుగున ఈ మాట ఎంత చక్కనిది! వాన వెలిసిన పిదప దుక్కికి అనువైన నేలతడి పదును; ఉక్కునకు అమరిన బిగువు పదును; వాదర వాడియును పదునే. మూడింటను ఉన్నది ‘తగినంత’ అను భావమే. ఈ తెలుగునేలపై ఉక్కువిద్య నిన్న మొన్నటిది కాదు. నిజామాబాదు సీమలోని కోనసముద్రపు టుక్కును పారసీక వర్తకులు వెదకికొని వచ్చి కొనిపోయెడివారు.

ఇక అమ్మకమునకు వత్తము. పాతకత్తిని అమ్మదలచినవాడు మొట్టమొదట చేయు పని సానపట్టించుట. అందు దోషము లేదు. కురువిందపు పొడిని లక్కతో కలిపి చేసిన సానచక్రముపై నిదానముగా పట్టిన పదును నమ్మదగినది. కాని కరెంటుచక్రమువద్ద తొందరలో, తడి చూపక, అదిమి పట్టినచో అంచు కాలి నీలివన్నె తిరుగును. నీలివన్నె తిరిగినచోట కమ్మరి పెట్టిన బిగువు పోయినదని తెలియవలెను. దానిమీద ఉప్పుకాగితము నాలుగుమాఱులు రుద్దినచో ఆ నీలిమచ్చ మాయమగును. కత్తి అద్దమువలె తళతళలాడును. కొన్నవాడు తోటకు పోయి రెండుదినములు నఱకునప్పటికి అంచు మడతపడును.

మఱియొకటి సముద్రపుగాలి. తీరగ్రామములలో ఇనుము బ్రతుకుట కష్టము. అలుగుపై పట్టిన తుప్పు కంటికి కనబడును, నూనెగుడ్డకు లొంగును. పిడిలోపలికి దిగిన తోకకు పట్టిన తుప్పు అట్టిది కాదు. చేతిచెమటయు ఉప్పుగాలియు పిడి సందులలో చేరి ఏండ్ల తరబడి లోలోపల తినివేయును. పైన పిడి గట్టిగానే యుండును, పొన్ను మెఱయుచునే యుండును. ఒకనాడు దెబ్బ వేయగా అలుగు పిడినుండి ఊడి ఎగురును. అది ఎవరి కాలిపై పడునో, ఎవరి కంటికి తగులునో చెప్పగలవా రెవరు?

ఇచ్చట ఒక విశేషము చెప్పవలసియున్నది. పని తెలిసినవాడు వాదరను వెలుతురునకు ఎదురుగా పట్టి చూచును. అంచు వెంట తెల్లని గీత మెఱసినచో ఆ అంచు మొద్దుదని గ్రహించును. నిజముగా వాడియైన అంచుమీద వెలుతురు నిలుచుటకు చోటుండదు. అది కంటికి కనబడదు. సంతలో మెఱపును చూచి కొనువారే ఎక్కువమంది. మెఱపును చూచి గురువును ఎంచుకొనువారును లేకపోలేదు, అది వేఱు సంగతి.

ఒక ముసలి కట్టెలకూలీని ఊహింతము. మోకాళ్లు పట్టుకొని తోటపని మానినాడు. ఇంట మందులకు పైకము లేదు. ఉన్నది మచ్చుకత్తి యొకటి. పిడి కదులుచున్నదని ఒకనాడు పొన్ను ఊడదీసి చూచినాడు. తోక సగము తుప్పు తిన్నదని అతనికి తెలియును. మరల బిగించి, సాన పట్టించి, సంతలో గోనెపట్టపై పెట్టి కూర్చున్నాడు. ఒక పడుచువాడు వచ్చి కత్తిని చేత పట్టి ఊపి చూచెను.

“తాతా, ఎంత?”

“నాలుగు వందలు నాయనా.”

“మూడున్నరకు ఇయ్యి. రేపే తోటలో పని ఉంది.”

బేరము కుదిరినట్లే. ముసలివాడు నోరు మూసికొన్నచో మూడువందల యేబది రూపాయలు చేతబడును. నోరు తెఱచినచో బహుశః సగము రాదు. ఈ రెంటి నడుమ ముసలివాడు ఊపిరి బిగబట్టి కూర్చున్న క్షణమే మన విచారమునకు విషయము. శాస్త్రమంతయు ఆ క్షణమున పనికి రావలెను. రానిచో అది చదివిన ఫలమేమి?

కొందఱిట్లందురు: “కొనువానికి కన్నులు లేవా? చూచుకొని కొనవలెను.” ఈ మాటలో సగము న్యాయము కలదు. అంచుమీది గంటు, అలుగుమీది తుప్పు, పిడిమీది పగులు – ఇవి కన్నున్నవానికి కనబడును. వానిని చూచుకొనుట కొనువాని పని. వానినన్నిటిని ఏకరువు పెట్టుచు మంచికత్తినికూడ తక్కువ చేసి చెప్పుట వినయము కాదు, అదియు ఒకవిధమగు అసత్యమే. కాని పొన్ను క్రింద దాగినది, ఉప్పుకాగితము తుడిచివేసినది కొనువాని కంటికి అందదు. అమ్మువానికి తెలిసి, కొనువానికి తెలియ వీలులేనిది ఏదో, దానిని చెప్పు భారము పూర్తిగా అమ్మువానిదే.

వీరశైవునకు ఈ విషయము మఱింత దగ్గఱది. పంచాచారములలో సదాచారమున్నది, నీతిమార్గమున సంపాదించి బ్రతుకుట దానికి ప్రాణము. ఇంకను చూడుడు. ఇష్టలింగపూజ చేయునపుడు లింగమును ఎడమ అరచేతియందు ఉంచుకొందుము. కట్టె నఱకువాడు కుడిచేత కత్తి పట్టును, ఎడమచేత కొమ్మ పట్టును. కత్తి తప్పినచో తెగునది ఎడమచేయి. కొనువాడు లింగధారి యగుగాక, కాకపోవుగాక, అతని యెడమచేయియు శివుడు కూర్చుండదగిన పీఠమే. తెలిసి తెలిసి దోషపుకత్తి నమ్మినవాడు ఆ పీఠముమీదనే వ్రేటు వేసినవాడగును. ఉదయము తన అరచేతిలో లింగమునకు విభూతి నలది, మధ్యాహ్నము ఎదుటివాని అరచేతిని గాయమున కప్పగించువాని పూజ ఎవరిని చేరును?

శరణులలో నులియ చందయ్య త్రాళ్లు పేని అమ్మి జంగమదాసోహము నడపినవాడు. గడ్డి కోయుచుండగా అతని లింగము జాఱి నీట పడినదనియు, చందయ్య పని మానక సాగిపోగా లింగమే అతని వెంటబడినదనియు, మడివాల మాచయ్య నడుమ నిలిచి ఇరువురను కలిపెననియు పరంపరగా చెప్పుకొను కథ. ఆ మీదట లింగమే త్రాటిని మోసికొని పోయి బసవన్నకు అమ్మెనట. బసవన్న భక్తిచేత త్రాటి వెలకు మించిన ధనము నొసగెను. చందయ్య సంతోషింపలేదు. త్రాటికి తగిన వెల యేదో అంతయే తనకు కావలెననియు, మిగిలినది తన కాయకపు ఫలము కాదనియు నిరాకరించెను. అమ్మినవాడు లింగము, కొన్నవాడు బసవన్న. అయినను వెల తప్పరాదు! ఆయ్దక్కి లక్కమ్మ కథయు ఇట్టిదే. భర్త మారయ్య ఆనాటికి కావలసినదానికంటె ఎక్కువ బియ్యము ఏరి తెచ్చినపుడు, ఆ మిగులును తీసికొనిపోయి వెనుకటిచోటనే పోసి రమ్మనెను. మోళిగ మారయ్య కాశ్మీరరాజ్యమును విడిచి కళ్యాణమునకు వచ్చి కట్టెలమోపు లమ్ముకొని బ్రతికెనని ప్రసిద్ధి. రాజుగా నుండి కత్తి పట్టినదానికంటె కట్టెలవాడై కత్తి పట్టినందుననే ఆయన పేరు మనకు మిగిలినది.

ఈ కథలలో శరణులు పేదవారే. పేదఱికము అసత్యమునకు సెలవు చీటి కాదని వారికి తెలియును. అయినను సంపన్నుడు సుఖముగా కూర్చుండి పేదవానికి సత్యము బోధించుట సులభము. కావున కొనువానినిగూర్చియు నాలుగుమాటలు చెప్పవలెను. ధర్మోపన్యాసములలో కొనువానిని ఎవరును మందలింపరు. అమ్మువాని అవసరమును ముఖమున చదివి, మంచికత్తిని పాతయినుపధరకు గుంజుకొనువాడు త్రాసులేని దొంగ. నిజము చెప్పిన అమ్మువానిని ఆ నిజమునే ఆయుధముగా చేసికొని మఱింత క్రిందికి లాగువాడు అంతకంటె నీచుడు. ఏలన, రేపు సంతలో ఎవరును నిజము చెప్పకుండ చేయువాడు అతడే. సత్యము చెప్పినవానికి నష్టము, దాచినవానికి లాభము కలిగించు సంతలో తప్పు సగము కొనువారిది.

కత్తి నమ్ముటయే హింసకు తోడ్పాటు గదా యని సంశయించువారికి సమాధానము క్లుప్తము. కూరకు, కట్టెకు, తాటిమట్టకు, తుఫాను పడగొట్టిన చెట్టు ఇంటివాకిట అడ్డము పడినప్పుడు దానిని తొలగించుటకు కత్తి కావలెను. కమ్మరియు అమ్మువాడును అందుచే పాపులు కారు. అయితే కోపముతో ఊగుచు, పొరుగువాని పేరు నోట పెట్టుకొని కత్తి అడుగువానికి బేరమే చెప్పరాదు. ఆనాడు అమ్మకము పోయిన పోనిండు.

మన ముసలివాని దగ్గఱకు మరల వత్తము. అతడు నోరు తెఱచెననియే అనుకొందము.

“నాయనా, ఆగు. అలుగు మంచిదే. పాత కమ్మరి చేసింది, పదును నిలుస్తుంది. పిడి లోపల తోక తుప్పు తినింది. ఇట్లే కొడితే ఊడొస్తుంది.”

ఇట్లని రాతిపై రెండు దెబ్బలు వేసి పొన్ను ఊడగొట్టి, పిడి లాగి చూపెను. నల్లని తుప్పు పొడి గోనెపై రాలెను. పడుచువాడు కొంతసేపు దానిని చూచి, అలుగును వ్రేలితో మీటి, వెలుతురునకు పట్టి చూచెను.

“కమ్మరి దగ్గర కొత్తతోక అతికిస్తే పని జరుగుతుందా తాతా?”

“జరుగుతుంది. అలుగు పదును చెడకుండా తడిగుడ్డ చుట్టి పని చేయమని చెప్పు. తుమ్మపిడి వేయించుకో.”

కమ్మరికి ఇచ్చుకొనవలసిన కూలి లెక్క కట్టి తీసివేయగా రెండువందలు తేలినది. పడుచువాడు అంతకు తగ్గించి అడుగలేదు. ముసలివాడు అంతకు పెంచి అడుగలేదు. ఆ రెండువందలలో ఒక పదిరూపాయలు దాసోహమునకై విడిగా ముడివేసికొని, మిగిలినదానితో మందులంగడికి నడచెను. మందులు పూర్తిగా రాలేదు, సగమే వచ్చినవి.

తోకయే కాక అలుగును పగిలియున్న కత్తి సంగతి వేఱు. దానిని ఏ వెలకును సంతలో పెట్టరాదు. కొలిమికి మోసికొనిపోయి ఇనుముగా తూచి యిచ్చుటయే దానికి మార్గము. కమ్మరి దానిని కాల్చి, పగిలినమేర తునిమివేసి, మిగిలినదానిని దోకుడుపారగా సాగగొట్టును. మఱుసటి యేట అది తీరపుటిసుకలో వేరుశనగ చాళ్లనడుమ కలుపు తీయుచుండును.