కానరాని బరువు, కనబడే వెడల్పు

వజ్రానికి బరువూ పరిమాణమూ రెండూ ఉంటాయి, కానీ ఒకదాన్ని చూసి రెండోది చెప్పేయడం కుదరదు. క్యారెట్ బరువు కొలత. 1907లో అంతర్జాతీయంగా స్థిరపడిన లెక్క ప్రకారం ఒక క్యారెట్ 200 మిల్లీగ్రాములు. నిశ్చితార్థపు ఉంగరం ఎంచుకునేవారు చూసేది మాత్రం వేలి మీద రాయి పరుచుకున్న వెడల్పు. డబ్బు ఒక గుణానికి చెల్లిస్తారు, మురిసిపోయేది మరో గుణాన్ని చూసి. రాయి ‘పెద్దది’ అనడానికి ఈ రెండింటిలో ఏది ప్రమాణం?

ఈ తేడాను ప్రాచీన భారతీయ తత్వశాస్త్ర శాఖల్లో ఒకటైన వైశేషిక దర్శనం ఏనాడో గుర్తించింది. ద్రవ్యానికి ఉండే గుణాలలో పరిమాణం ఒకటి, గురుత్వం, అంటే బరువు, వేరొకటి. ఆ దర్శనంపై ప్రశస్తపాదుడు రాసిన భాష్యం ప్రకారం పరిమాణం కంటికి అందుతుంది. గురుత్వం అతీంద్రియం, వస్తువు కింద పడడాన్ని బట్టి ఊహించవలసిందే. చేత్తో పట్టుకుంటే బరువు తెలియదా అని వాదించినవారూ ఆ సంప్రదాయంలో ఉన్నారు. కానీ అర క్యారెట్‌కూ ముప్పావు క్యారెట్‌కూ తేడా ఏ వేలికీ తెలియదు. వజ్రం విషయంలో ప్రశస్తపాదుడి మాటే నిలుస్తుంది.

గుండ్రటి బ్రిలియంట్ కోతలో ఒక క్యారెట్ రాయి సుమారు 6.5 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, రెండు క్యారెట్లది సుమారు 8.2. బరువు రెట్టింపైనా వెడల్పు పెరిగేది పావు వంతుకు కాస్త పైన మాత్రమే, ఎందుకంటే బరువు వెడల్పు ఘనానికి అనులోమంగా పెరుగుతుంది. ధర తీరు వేరు. 17వ శతాబ్దంలో గోల్కొండ గనులను చూసి వెళ్లిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, రాయి బరువును వర్గం చేసి ధర కట్టే పద్ధతిని రాసిపెట్టాడు. ఆ లెక్కన రెండు క్యారెట్ల రాయికి నాలుగింతల ధర. నేటి ధరలు అచ్చంగా ఆ సూత్రాన్ని పాటించకపోయినా, బరువు పెరిగేకొద్దీ ఒక్కో క్యారెట్ ధర కూడా పెరగడం మారలేదు.

పైగా ఉన్న బరువంతా పైకి కనబడదు. చక్కని కోతలో రాయి లోతు దాని వెడల్పులో సుమారు 60 శాతం. బరువు పోకూడదని అడుగుభాగాన్ని లోతుగా వదిలేస్తే, ఒక క్యారెట్ రాయి 6.2 మిల్లీమీటర్లకే ఆగిపోవచ్చు. కొనేవారు డబ్బు పోసిన బరువు ఉంగరం గూటిలో దాగిపోతుంది. మరీ పలచగా కోస్తే వెడల్పు వస్తుంది గాని, కాంతి అడుగు నుంచి జారిపోయి రాయి వెలవెలబోతుంది. ఈ రెంటి మధ్య కొలతలను 1919లో ఇంజనీరు మార్సెల్ టోల్కోవ్‌స్కీ గణితంతో సాధించాడు. బరువును వదులుకుని వెలుగును ఎంచుకున్న పెద్ద ఉదాహరణ కోహినూరు. 1852లో లండన్‌లో మళ్లీ కోసినప్పుడు అది నేటి లెక్కలో సుమారు 191 క్యారెట్ల నుంచి 105.6కు దిగింది.

ప్రాచీన జ్యోతిషశాస్త్రవేత్త వరాహమిహిరుడి గ్రంథం బృహత్సంహిత ఉత్తమ వజ్రం తేలికగా ఉంటుందని, నీటిమీద తేలుతుందని అంటుంది. అక్షరార్థంలో అది జరగదు, వజ్రం నీటికన్నా మూడున్నర రెట్లు సాంద్రమైనది. అయినా ఒకే బరువులో పెద్దగా కనబడే రాయికి ఎక్కువ విలువ కట్టే ఆలోచన ప్రాచీన రత్నశాస్త్రంలో ఉంది. కంటి పక్షాన నిలిచిన ఆ చూపును తీసిపారేయకూడదు.

కంటికి కనబడేదంతా భ్రమ కాదు. మిల్లీమీటర్లలో కొలిచిన వెడల్పు రాయిలోనే ఉంది. సన్నని వేలికి అదే రాయి పెద్దగా తోచడం, చుట్టూ చిన్న వజ్రాల వరుస పొదిగితే ఇంకా పెరిగినట్టు ఉండడం మాత్రం సాపేక్షం. రేగుపండు, ఉసిరికాయ, మారేడుకాయ మూడూ పెద్ద పరిమాణం గలవే అయినా, ఒకదానితో పోల్చి మరొకదాన్ని చిన్నదనడం ఔపచారికమని, అంటే మాటవరసకు అనడమేనని, ప్రశస్తపాదుడు వివరించాడు. బరువుకు ఈ చిక్కు లేదు. ఏ దీపం కింద, ఏ వేలికి పెట్టినా అది మారదు. పరిచయం లేని ఇద్దరి మధ్య బేరం దానిమీద నిలవడం న్యాయమే.

అన్యాయం మొదలయ్యేది ఆ అంకెను ప్రేమకు కొలతగా నిలబెట్టినప్పుడు. ఉంగరానికి ఎన్ని నెలల జీతం పెట్టాలో 20వ శతాబ్దంలో వజ్రాల సంస్థ డి బీర్స్ ప్రకటనలు సూచించాయి. వైశేషికుల లెక్కలో రాగమూ సంకల్పమూ ఇచ్ఛలో భేదాలు, ఇచ్ఛ ఆత్మకు చెందిన గుణం. గుణానికి మరో గుణం ఉండదన్నది వారి సిద్ధాంతం. కాబట్టి అనురాగానికి పరిమాణం గాని, గురుత్వం గాని చెప్పడం కుదరదు. రాయి ఎంతటిదైనా దాని కొలత దానిదే.

ఎంపికలో ముందు చూడవలసినవి కోత నాణ్యత, ధ్రువపత్రంలోని మిల్లీమీటర్ల కొలతలు. 0.95 క్యారెట్ రాయికీ 1.00 క్యారెట్ రాయికీ వెడల్పులో తేడా 0.1 మిల్లీమీటరు మాత్రమే. ధర మాత్రం పూర్తి అంకె దగ్గర ఎగబాకుతుంది. అండాకారపు కోత అదే బరువులో గుండ్రటి కోత కన్నా కాస్త పెద్దగా కనబడుతుంది. ఉంగరంలో పొదిగాక రాయిని విడిగా తూచడం సాధ్యం కాదు. అప్పుడు నిపుణులు వెడల్పు, లోతు కొలిచి బరువును లెక్కగడతారు.